మోకాలి లోతు బోదె

సిప్రియానో తుర్పోకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ కొండల్లో ఆ వయసు మనిషి మాటకు విలువ ఎక్కువ. నాలుగేళ్ళుగా అతను మాట తగ్గించేశాడు. నెమ్మదస్తుడని జనం మెచ్చుకునేవారు. మెచ్చుకున్నప్పుడల్లా అతని చెవులు కాలేవి.

అన్నం కూడా సరిగా ఉడకని ఎత్తులో ఉన్నికోసం పెంచే అల్పాకాలు మేసే ఆ జౌగునేలను, దారిన పోయేవాళ్ళు దేవుడు పరిచిన తివాచీ అనుకుంటారు. దేవుడు పరిచింది సగమే. మిగతా సగం తాతముత్తాతలు పరిచారు. మంచుకొండ ఊటను అరచేతి లోతు బోదెల్లో వంకరటింకరగా తిప్పి, కుదురు కుదురుకూ తడి అందించారు. చచ్చిన వేళ్ళు నీళ్ళలో కుళ్ళకుండా పొరమీద పొర పేరుకుని నల్లటి మెత్తటి నేలవుతాయి. ఏడాదికి గోరంత. నిలువెత్తు లోతున్న చోట అట్టడుగు పొరలో పెరిగిన గడ్డిని ఎవరి మందలు మేశాయో, అప్పటికి ఏ రాజులు పుట్టారో! రాతికోటలు చూడ్డానికి లోకమంతా ఎగబడుతుంది గానీ, ఇంత ఓపికగా కట్టిన కోట ఇంకెక్కడుంది?

అందుకే అక్కడొక కట్టుబాటు. బోదె అరచెయ్యి లోతు దాటకూడదు. నీళ్ళకు తొందర నేర్పకూడదు.

నాలుగేళ్ళ కిందట, కొండమీద మంచు తరిగి ఊట సన్నబడిన ఏడాది, ఊరికి నీరటి సిప్రియానోయే. వంతులు వేసేదీ, బోదెలు చూసేదీ అతనే. పైన ముసలి ఎమెతేరియా జౌగు, దాని కింద అతనిది. అతని మందలో ఈనిన తల్లులకు పాలింకిపోతున్నాయి. అందరూ సంతకు పోయిన ఒక పొద్దున, ఎమెతేరియా జౌగు అంచున బోదెను మోకాలి లోతుకు, నీళ్ళు ఆగకుండా తనవైపు దిగేలా తిన్నగా తవ్వేశాడు. వానలు పడగానే పూడ్చేద్దామనుకున్నాడు.

కింద పచ్చబడింది. మంద తేరుకుంది. వానలొచ్చాయి, అతను పూడ్చేలోపే నీళ్ళు ఆ కోతను గండి చేసి ఎగువకు నేలను తినుకుంటూ పోయాయి. మరుసటేటికి ఎమెతేరియా నేల నెర్రెలిచ్చింది. నల్లమట్టి పొడై గాలికి లేచింది. మంచు కరువు చేసిన పనేనని జనం కొండను తిట్టుకున్నారు. సిప్రియానో కూడా వాళ్ళతో గొంతు కలిపాడు. తవ్వినదానికంటే ఆ గొంతు కలపడమే అతన్ని ఎక్కువ పొడిచేది.

ఈ ఏడాది బోదెలు బాగుచేసే రోజున ఊరంతా ఊట దగ్గర చేరింది. మర్నాడు మందను అమ్మేసి, పట్నంలో చెల్లెలింటికి పోవడానికి ఎమెతేరియా మూట కట్టుకుంది.

“మీ మరిది గురక పెడితే కప్పు లేచిపోద్దంట, చూస్కో పిన్నీ!” అన్నాడు ఊరిపెద్ద తెయోఫిలో.

“ఇరవయ్యేళ్ళు నీ వాగుడు ఓర్చుకున్నదాన్ని. గురకొక లెక్కా?” అందామె. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, శాలువా అంచుతో ముక్కు తుడుచుకుంది.

తెయోఫిలో కొండకు మొక్కడానికి మూడు కోకా ఆకులు ఏరి సిప్రియానో చేతిలో పెట్టాడు. “నువ్వే ఊదు. నీ జౌగొక్కటే పచ్చగుంది, చెయ్యి మంచిది. మావల్ల తప్పులేమన్నా జరిగితే కాయమని కొండతండ్రికి చెప్పు.”

ఆకుల్ని పెదాల దగ్గర పట్టుకుని, కొండను పేరుపెట్టి పిలిచి ఊదాలి. నీళ్ళు దొంగిలించినవాడు ఊదితే ఊట మొహం తిప్పుకుంటుందంటారు. ఊట సంగతేమో గానీ, సిప్రియానోకు ఊపిరే ఆడలేదు.

“ఏందయ్యా, కొండ పేరు మర్చిపోయావా?” అన్నారు గుంపులోంచి ఎవరో.

“నేను ఊదకూడదు.” ఆకులు తెయోఫిలోకు తిరిగిచ్చేశాడు. “పిన్నీ, నీ నేల ఎండబెట్టింది కొండ కాదు. నేను. ఆ గండి నేను తవ్విందే.”

“మంచు తగ్గింది కదరా మరి...” అంటూ సర్దబోయాడు తెయోఫిలో.

“తగ్గింది. వచ్చిన కాసిని నీళ్ళన్నా నిలిచేవి. నేను నిలవనియ్యలా.”

ఎమెతేరియా అతని ముందుకొచ్చింది. “నా అల్పాకాలు చచ్చినప్పుడు గుంట తవ్వడానికొచ్చావు గదరా.”

“వచ్చా.”

“నా ఇంట్లో కూచుని చారు తాగావు.”

“తాగా.” ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

గండి పూడ్చడానికి రాళ్ళు పనికిరావు. వేళ్ళతో సహా బతికున్న పచ్చిక పెళ్ళలు కావాలి. బతికున్న జౌగు ఊళ్ళో అతనిదొక్కటే. ఎవరూ చెప్పకముందే పార తీసుకుని కిందికి దిగి, తన నేల అంచున మోపాడు.

“అక్కడ కాదు,” అంది వెనకే వచ్చిన ఎమెతేరియా. “అంచు గడ్డి మేక కూడా ముట్టదు. నడిమధ్యన తియ్యి, నీ తల్లులు మేసే చోట.”

నడిమధ్యకు నడిచాడు. పార దిగగానే నల్లటి నీళ్ళు ఊరాయి.

“రేపు మందకోసం బేరగాడొస్తాడుగా పిన్నీ?” అడిగాడు తెయోఫిలో.

“వస్తే సగం తోలుకుపోతాడు. మిగతా సగం ఇతని జౌగులో మేస్తాయి, నా నేల తడిసేదాకా.”

“అది తడిసేసరికి ఎన్నేళ్ళవుద్దో!”

“అవనీ. నేనెక్కడికీ పోను.”

సిప్రియానో మొదటి పెళ్ళను గండికి అడ్డంగా వేసి కాలితో తొక్కాడు. నీళ్ళు దాని వెనక ఒక్క క్షణం ఆగి, అడుగునుంచి జారిపోయాయి. అందరూ చూస్తుండగా రెండో పెళ్ళకోసం వెనక్కి నడిచాడు.