సువార్తమ్మ ముందస్తు సాక్ష్యం

జమ్మలమడుగు బస్టాండు వెనక సందులో కారం దోసెలు పోసే సువార్తమ్మకు నోరు పెద్దది. ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. దోసె కోసం రెండు నిమిషాలు ఆగలేని వాళ్ళను ఎలా కడిగేస్తుందో, ప్రార్థనలో దేవుణ్ణీ అలాగే కడిగేస్తుంది. "ఏం తండ్రీ, వింటాండావా లేదా?" అనే మొదలుపెడుతుంది. పక్కనే గాజుల అంగడి పెట్టుకున్న జైబున్నీసా ఆ ప్రార్థనలు విని, "అక్కా, మేము అల్లాను అడుక్కుంటాం. నువ్వు నీ దేవునితో పంచాయితీ పెట్టుకుంటావు" అని నవ్వుతుంది.

భర్త దీనయ్యది అంతకన్నా పెద్ద గొంతు. ఆటో స్టాండులో నిలబడి "ప్రొద్దుటూరు, ప్రొద్దుటూరు! పులివెందుల, పులివెందుల!" అని కేకేస్తే, పులివెందులలో ఏ పనీ లేనివాళ్ళు కూడా ఒకసారి ఆగి ఆలోచించేవాళ్ళు. ఆదివారం ఆరాధనలో మొదటి పాట ఎత్తుకునేదీ ఆయనే. కీబోర్డు వాయించే కుర్రాడు ఆయన శ్రుతిని వెతుక్కుంటూ వెనక పరుగెత్తాల్సిందే. ఆ పాట విని పెళ్ళికి ఒప్పుకున్నానని సువార్తమ్మ ఇప్పటికీ ఏ మాత్రం సిగ్గుపడకుండా చెబుతుంది. ఆమెకు మాత్రం రాగం ఒక్క ముక్క రాదు.

ఆ తర్వాత దీనయ్య గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను రోజు సువార్తమ్మ ఆస్పత్రి వరండాలో మోకరించి, "మనిషి దక్కితే చాలు తండ్రీ" అని అడిగింది. మనిషి దక్కాడు. కాకపోతే గడ్డ గొంతు నరాన్ని పట్టుకుని ఉందనీ, మాట పోవచ్చనీ డాక్టరు ముందే చెప్పాడు, అలాగే అయింది. గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. చాలు అన్న మనిషే నెల తిరక్కుండా గొంతు కూడా కావాలని పట్టుబట్టింది. శుక్రవారాలు ఉపవాసం ఉంది. ఏడ్చి అడిగింది, అరిచి అడిగింది. ఏళ్ళు గడిచాయి గానీ గొంతు రాలేదు.

ఆమెను అన్నిటికన్నా ఉడికించింది శుక్రవారం కూడికలో సాక్ష్యాలు. ప్రార్థన ఫలించిన వాళ్ళు లేచి చెప్పాలి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. ఒకరికి తప్పిపోయిన మేక మైలవరం దగ్గర దొరుకుతుంది, ఒకరికి మోకాలి నొప్పి తగ్గుతుంది. దానమ్మ అనే ముసలావిడైతే కుళాయిలో నీళ్ళు వచ్చినందుకు కూడా లేచి సాక్ష్యం చెప్పేది. ఫలించని వాళ్ళు ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు. "మేకను వెతికిపెట్టేదానికి తీరిక ఉందంట, మా ఆయన గొంతు కాడికొచ్చేసరికి లేదంట" అని సువార్తమ్మ ఇంటికొచ్చి కోపమంతా గిన్నెలమీద చూపించేది.

అలాంటి మనిషి ప్రొద్దుటూరులో సువార్త మహాసభలకు వెళ్ళింది. ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు, "పొందామని నమ్మండి, ముందే కృతజ్ఞత చెప్పండి" అన్నాడు. సువార్తమ్మకు ఆ లెక్క చక్కగా బోధపడింది. కిక్కిరిసిన బస్సులో సీటు కావాలంటే కిందినుంచే కిటికీలో టవలు వేస్తాం కదా, ఇదీ అంతేననుకుంది. ఆ వచ్చే ఆదివారం గుడిలో లేచి నిలబడి, "దేవుడు మా ఆయనకు గొంతు ఇచ్చేసినాడు! శనివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. అందరూ రావాల, మా ఆయన పాట వినాల, తిని పోవాల" అని టవలు వేసేసింది. దీనయ్య పక్కనుంచి చీర కొంగు లాగుతూనే ఉన్నాడు.

"నన్నడక్కుండా నా గొంతు ఊరంతా పంచితివే?" అన్నాడు ఇంటికొచ్చాక, గుసగుసగానే.

"నమ్మినానప్పా. ఈసారి రాకుంటే ఒట్టు, నేను మళ్ళీ ఆ గుడి మెట్టెక్కను" అంది సువార్తమ్మ. ఆ మాట కోపంతో అన్నది కాదు, అలిసిపోయి అన్నది. దీనయ్యకు అది తెలిసి, ఇక దెప్పలేదు.

శనివారం వచ్చింది. ఇంటి ముందు షామియానా వేశారు. సంగటి, కోడి పులుసు దింపారు. సందంతా వచ్చింది, జైబున్నీసా కూడా వచ్చి వెనక కూర్చుంది. గుడి పాస్టరు ప్రభుదాసు అయ్యగారు చిన్న ప్రార్థన చేసి, "ఇప్పుడు మన దీనయ్య పాట ఎత్తుకుంటాడు" అన్నారు.

దీనయ్య లేచి కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్ళీ ప్రయత్నిస్తే దగ్గు వచ్చింది. అందరూ తలలు వంచుకుని చాపలు చూస్తూ కూర్చున్నారు. "విశ్వాసం చాల్లేదేమో" అని ఎవరో మెల్లిగా అన్నారు. ఆ మాట అనడానికి ప్రతి కూడికలోనూ ఒకరు తయారుగా ఉంటారు, వాళ్ళ సంగతి దేవుడే చూసుకోవాలి. సువార్తమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గరిటె నేలకేసి కొట్టింది. "నా పరువు పోతే పోనీ, నిన్ను నమ్మితి కదా! అందరి ముందర నీ పేరు చెప్పితి కదా!" అని పైకి చూసి ఏడ్చింది. ఇక అడగడానికి ఏమీ లేదనిపించింది. అలా అనిపించడం ఆమెకు అదే మొదటిసారి, అందుకే భయమేసింది.

దీనయ్య వచ్చి పక్కన కూర్చుని పెదవులు కదిలించాడు. బయటి రొదలో ఆమెకు వినపడలేదు. దగ్గరకు జరిగింది.

"గొంతు పోయినకాడి నుంచి నాకాడికి జరక్కుండా ఎవురికీ నా మాట వినపడదు" అన్నాడు. "స్టాండులో వాళ్ళు జరగరు, చెయ్యూపి పోతారు. నువ్వు జరుగుతాండావు. ఆయనా జరుగుతాండాడు సువార్తా, నాకు తెలుస్తాంది. కేకేసే రోజుల్లో ఆయన ఇంత దగ్గరుంటాడని నాకు తెలీదు."

"అయితే గొంతు వద్దా నీకు?"

"ఎందుకొద్దు? ఇస్తే రేప్పొద్దునే ప్రొద్దుటూరని కేకేస్తా. ఇయ్యలేదని ఆయన్ను వదిలిపెడతానా?"

సువార్తమ్మ నేలమీద పడిన గరిటె తీసి పక్కన పెట్టింది. తర్వాత ముఖం కడుక్కుని బయటికి వచ్చి నిలబడింది.

"పోయిన ఆదివారం నేను చెప్పింది అబద్ధం" అంది. "గొంతు రాలేదు. ఎందుకియ్యలేదో నాకు తెలీదు. తెలిసినట్లు నాకెవురూ చెప్పాకండి. రేపూ అడుగుతా, ఎల్లుండీ అడుగుతా. ఇయ్యకున్నా ఆయన నా తండ్రే. ఇదే నా సాక్ష్యం."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అప్పుడు కుళాయి నీళ్ళ దానమ్మ గోడ పట్టుకుని లేచింది. "నా పెద్దకొడుకు నాతో మాట్లాడక శానా ఏండ్లాయ. రోజూ ప్రార్థన చేస్తాండా. ఇంగా పలకలే. ఇట్లాంటిది కూడా సాక్ష్యమేనని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని, ఉత్త కుళాయి గురించి చెప్తా కూచుంటి" అంది. కొందరు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆమె తర్వాత ఇంకొకరు లేచారు, ఆ తర్వాత మరొకరు. ఇన్నాళ్ళూ చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఏదో ఒకటి దాచుకున్నవేనని సువార్తమ్మకు ఆ పూట తెలిసింది. అయ్యగారు కూడా లేచి తన ఫలించని ప్రార్థన ఒకటి చెప్పారు. వెనకనుంచి జైబున్నీసా, "అక్కా, మా వాళ్ళవి కూడా చెప్పొచ్చునా?" అంది.

చివరికి పాట మిగిలింది. దీనయ్య ఒక్కొక్క చరణం భార్య చెవిలో చెబుతుంటే ఆమె పైకి ఎత్తుకుంది. రాగం ఒక దారిన, తాళం ఒక దారిన పోయాయి. దీనయ్య చెవులు మూసుకున్నట్టు నటించాడు. నవ్వుతూనే అందరూ అందుకున్నారు. సంగటి చల్లారిపోయినా ఎవరూ వంక పెట్టలేదు.

మర్నాడు పొద్దున సువార్తమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని గడపలో నిలబడింది.

"మెట్టెక్కనని ఒట్టేసుకుంటివే?" అన్నాడు దీనయ్య.

"ఇయ్యలేదని అలిగి ఎవురింటికి పోవాల? ఇంగెవురన్నా ఉండారా మనకి?" అంది. "నువ్వు బిరబిరా నడువప్పా. ఈ పొద్దు ఆయన్ను అడగాల్సినవి శానా ఉండాయి. దానమ్మ కొడుకు సంగతి కూడా నా మీదే పడింది."