గేదె తోక పట్టుకుని ఏరు దాటిన ఇంజనీరు

ఇది రాసిపెట్టడానికి కారణం ఒక్కటే. రాయపూర్ తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒక మహానుభావుడి జీవితంలో నేను కల్పించిన ఒక సంఘటన ఇప్పటికీ నిజంగా చెలామణి అవుతోంది. అది రాసిన నోటుబుక్కు జిరాక్స్ ప్రతులు టాటీబంధ్ దాటి ధర్సీవా దాకా వెళ్ళాయని విన్నాను. వాటిని వెనక్కి తెచ్చుకోలేను. అది అబద్ధమని కనీసం ఒక్కచోటైనా నా చేత్తో రాసి ఉండాలి. ఆ మహానుభావుడి పేరు మాత్రం రాయను. నా తప్పు ఆయన పేరుకు అంటుకోకూడదు.

నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. మిగతా చదువంతా రైల్వే కాలనీలో మా తెలుగు సంఘం బీరువాలో దొరికింది. అందులోని ప్రతి పుస్తకం చదివానని ఇవాళ్టికీ గొప్పగానే చెప్పుకుంటాను. కాలనీ పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని గొప్పవాళ్ళ జీవితాలను తేలిక తెలుగులో, హిందీ అక్షరాలతో నోటుబుక్కుల్లో రాసి ఇచ్చేదాన్ని.

ఒక పుస్తకం వంతెనలు కట్టిన ఇంజనీరుది. అందులో ఇరవై రెండో పేజీ తర్వాత ముప్ఫై మూడో పేజీ ఉంది. ఇరవై రెండులో ఆయన చిన్నవాడు, జోరువానలో పరీక్షకు బయలుదేరతాడు. ముప్ఫై మూడులో కాలేజీలో ఉంటాడు. ఊళ్ళో ఇంకో ప్రతి లేదు. ఖాళీ వదలడానికి మనసొప్పక, గేదె తోక పట్టించి ఆయన చేత పొంగిన ఏరు దాటించాను. "అందుకే పెద్దయ్యాక వంతెనలు కట్టాడు" అని కూడా చేర్చాను. పిల్లలందరికీ ఆ కథే ఇష్టమైంది.

రెండేళ్ళ తర్వాత ఒక బుధవారం మధ్యాహ్నం, ఎనిమిదో క్లాసు చదివే పక్క క్వార్టర్ అమ్మాయి పరుగున వచ్చింది.

"పిన్నీ, శనివారం కహానీ కాంపిటీషన్‌కి నన్ను తీసుకున్నారు! మన గేదె తోక కథే చెప్తా. సచ్చీ కహానీ ఉండాలంట, నిజంగా జరిగిందే. ఏ కితాబు, ఏ పేజీ, రాసిమ్మన్నారు సర్. జల్దీ చెప్పు!"

"పుస్తకం చూసి చెప్తాలే" అన్నాను. అది రెండో అబద్ధం.

బీరువా తాళాలు రిటైరైన గార్డు బాబాయిగారి దగ్గర ఉంటాయి. ఆయన పుస్తకం తీసిచ్చి నా ముఖం చూశారు.

"ఆ పేజీలు నాను తాళాలు పుచ్చుకున్నప్పుడే లేవమ్మా. నీ గేదెని సదివి నవ్వుకున్నాను."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"బాగుంది కదాని ఊరుకున్నాను. నా సర్వీసంతా ఇంజను లేని బండికి జెండా ఊపలేదు. నువ్వు ఊపేసినావు."

గురువారమంతా ఒకటే ఆలోచన. ఇరవై ఏడో పేజీ అని చెప్పేస్తే ఎవరు పట్టుకుంటారు? ఆ పేజీయే లేదు. కానీ ఇంకెక్కడో చిరగని ప్రతి ఉండి, అది చదివినవాళ్ళు ఆ హాల్లో ఉంటే? వేదిక మీద నిలబడేది నేను కాదు, ఆ పిల్ల. నిజం చెబితే ఇక నా కథలు ఏవీ నమ్మదు.

శుక్రవారం సాయంత్రం చెప్పాను.

"అంటే ఝూటా, పిన్నీ?"

"ఆ ఒక్కటే అమ్మా."

"ఒక్కటే అని నాకెలా తెలుస్తాది?"

పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి ఇరవై రెండో పేజీ చదివి వినిపించాను. పేజీ తనే తిప్పింది. కాగితాలు ఊడిపోయిన చోట మిగిలిన దారాన్ని తడిమి, వెళ్ళిపోయింది.

శనివారం ఏం చెబుతుందో తెలియకుండానే హాల్లో చివరి వరసలో కూర్చున్నాను. కథ సగానికి వచ్చి ఆగి, హిందీలో నెమ్మదిగా చెప్పింది: ఇక్కడ పది పేజీలు లేవు, ఆయన పరీక్షకు ఎలా వెళ్ళారో, దారిలో అసలు ఏరు ఉందో లేదో నాకు తెలియదు. ఎవరో నవ్వారు. తను ముప్ఫై మూడో పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. బహుమతి రాలేదు.

బయటికొచ్చాక ఒక్కటే మాట అంది: "మిగతా నోటుబుక్కులు కూడా తీసిపెట్టు. రేపొస్తా."

నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం వచ్చింది. నేను చదివితే నమ్మనని పట్టుబట్టి, తెలుగు అక్షరాలు నేర్చుకుంది. ప్రేమతో కాదు, అనుమానంతో. ఇంకో రెండు చోట్ల నా చేతివాటం పట్టుకుని ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

ముగ్గురూ తమ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి వరసలతోనే దండం పెడుతున్నాను: ఆలస్యంగానైనా మందలించిన గార్డు బాబాయిగారికి; కూతురికి అబద్ధం రాసిచ్చినా నాతో మాట మానని పక్కింటి అక్కకు; నన్ను ఇప్పటికీ పూర్తిగా నమ్మని ఆ అమ్మాయికి.