ఆయిలుకు గోత్రమా?

మేట్టుపాళయంలో బండికి బ్రేకు పట్టకపోతే జనం ముందు దేవుణ్ణి తలుచుకుంటారు, ఆ తర్వాతే సుందరరాజన్‌ను తలుచుకుంటారు. దేవుడు తిట్టడు కదా, అందుకని ఆ వరుస.

కారమడై రోడ్డులో పోకచెక్కల గోడౌను పక్కనున్న రేకుల షెడ్డు సుందరరాజన్‌ది. ముప్పై నాలుగేళ్లుగా అక్కడ బ్రేకుల పని తప్ప మరో పని జరగలేదు. ఇంజను కూడా చూస్తారా అని ఎవరైనా అడిగితే, గుడికొచ్చి బిర్యానీ అడిగినవాణ్ణి చూసినట్టు చూసి పంపించేస్తాడు. ఆయన పుట్టింది కోయంబత్తూరు అవతల నల్లరేగడి ఊళ్లో, పత్తి పండించే నాయుళ్ల ఇంట్లో. ఐదో తరగతి సగంలో బడి మానేసి వర్కుషాపులో చేరాడు. ఎందుకు మానేశావని ఇప్పుడెవరైనా అడిగితే, చదివినవాళ్లంతా వచ్చి నా షెడ్డు ముందే కదా చేతులు కట్టుకుని నిలబడుతున్నారు అంటాడు. అది నిజమే కావడం ఆయన పొగరుకు ఎరువైంది.

పనిమంతుడే, అందులో అబద్ధం లేదు. పెడలు మీద ఒక్కసారి కాలు పెట్టి, ఎడమ వెనక చక్రం దొంగపని చేస్తోందని చెప్పేస్తాడు. డ్రమ్మును సుత్తితో తట్టి, చప్పుడు విని పగులు పట్టేస్తాడు. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదంటారే, ఆ లెక్కన సుందరరాజన్‌కు మేట్టుపాళయంలో ఒక్క మంచివాడూ లేడు. లారీవాళ్లు దున్నలు. కారువాళ్లు కొబ్బరిబొండాలు. బ్రేకు పెడలు మీద పాదం ఆనించుకుని కొండ దిగేవాళ్లు ఆత్మహత్య చేసుకోవడానికి కూడా తెలివిలేనివాళ్లు. ఇదంతా మొహం మీదే అంటాడు, అదీ తమిళంలో, పదిమంది వినేట్టు.

ఎవరైనా ప్రశ్న అడిగితే మరీ మంట. ఈ రబ్బరు ఎందుకు మార్చారు, ఈ నట్టు ఎంత బిగించాలి, ఏం పోశారు అని అడగడం ఆయన షెడ్డులో నేరం. అడిగినవాణ్ణి ఒక్క మాటతో నలుగురిలో నవ్వులపాలు చేసేవాడు, వాడు మళ్లీ జన్మలో అడిగేవాడు కాదు. పనిలో అంత మునిగిపోయిన మనిషికి ఓపిక ఎక్కడుంటుందని జనం సర్దుకున్నారు. ఎంత అమాయకులు జనం!

ఇక మోహన్‌రాజ్. సుందరరాజన్ భార్య సంతానలక్ష్మికి తమ్ముడు. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. కోతగిరి నుంచి క్యారెట్టు, క్యాబేజీ ఎక్కించుకుని మేట్టుపాళయం మండీలో దించడం అతని పని. వారానికి ఆరు రోజులు అదే కొండ, అదే పాతికేళ్ల పాత పికప్. ఆ పికప్‌కు మోహన్‌రాజ్ చేయని సింగారం లేదు. మూడు స్వరాల హారను పెట్టించాడు, అద్దం చుట్టూ రంగు లైట్లు పెట్టించాడు, నెలకోసారి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాడు. బ్రేకులు మాత్రం బండి పుట్టినప్పటివే. నాలుగు చక్రాలకూ డ్రమ్ములు, పెడలుకు ఊతమిచ్చే బూస్టరు లేదు, కాలిబలమే దిక్కు.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక రోజు లోడుతో దిగుతుంటే కొండ మలుపులో పెడలు నేలకంటింది. మోహన్‌రాజ్ బండిని లోపలివైపు మట్టిగట్టుకు రాసి ఎలాగో నిలబెట్టాడు. క్యాబేజీలు రోడ్డంతా దొర్లాయి, అతను బతికాడు. ఆ రోజు సంతానలక్ష్మి మొగుడికి అన్నం వడ్డించలేదు. గరిటె చేత్తో పట్టుకుని నిలబడి ఒకే మాట చెప్పింది.

"ఈ తడవ మట్టిగట్టుండె. వచ్చే తడవ లోయ ఉంటది. ఊరి బండ్లన్నీ నిలిపేవాడికి నా తమ్ముడి బండి నిలపడం రాదంటే, ఇంగ ఆ షెడ్డు ఎందుకు?"

పని తెలీదన్న మాట తప్ప సుందరరాజన్ ఏదైనా పడతాడు. మర్నాడే పికప్ షెడ్డుకొచ్చింది.

చక్రాలు విప్పుతూ ఆయన చేసిన సహస్రనామార్చన రాస్తే ఒక పుస్తకమవుతుంది. లైనింగు అరిగి రివెట్లు బయటపడ్డాయి, ఆ రివెట్లు డ్రమ్ములో చాళ్లు దున్నాయి. వీల్ సిలిండర్లలోంచి తుప్పు గిన్నెడు రాలింది. ఇన్నాళ్లూ ఈ బండిని నిలిపింది బ్రేకు కాదురా, హారను భయానికి జనం పక్కకు తప్పుకోవడం అన్నాడు. మోహన్‌రాజ్ నవ్వాడు. బావ తిట్టినా నవ్వుతాడు, కొట్టినా నవ్వుతాడు, అదే సుందరరాజన్‌కు అరికాలి మంట నెత్తికెక్కించేది.

పాతవి బాగుచేసి ఊరుకుంటే ఆయన సుందరరాజన్ ఎందుకవుతాడు? కోయంబత్తూరు ఉక్కడంలోని పాత సామాను అంగళ్లలో రెండు రోజులు తిరిగి, తుక్కుకొచ్చిన కొత్తరకం బండి నుంచి ముందు చక్రాలకు డిస్కులు, వాక్యూమ్ బూస్టరు, దానికి తగ్గ మాస్టర్ సిలిండరు పట్టుకొచ్చాడు. బ్రాకెట్లు లేతులో కొత్తగా చేయించాడు. పైపులన్నీ మార్చాడు. వెనక డ్రమ్ముల్లోని చాళ్లు కోయించి కొత్త లైనింగు వేశాడు. నాలుగు రోజులు ఇంకో బండి ముట్టుకోలేదు. చివరికి పసుపు డబ్బా తెచ్చి ఆయిలు నింపి, చక్రం చక్రానికీ బ్రేకు పైపుల్లోని గాలి తీశాడు.

బ్రేకు ఆయిలు కొనడంలో ఆయనకొక పద్ధతి ఉంది. స్పేరు అంగడికి ఖాళీ డబ్బా పంపించి, ఇట్లాంటిదే ఇయ్యి అనిపిస్తాడు. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పద్ధతి. కంపెనీ ఒకసారి డబ్బా రంగు మారిస్తే పదిహేను రోజులు షెడ్డు మూసేసి నడుం నొప్పన్నాడు. పాపం నడుం.

బ్రేకు మాత్రం అద్భుతంగా కుదిరింది. గోడౌను ముందు వాలులో పరీక్షిస్తే బండి గీత గీసినట్టు నిలిచింది. సుందరరాజన్ మురిసిపోయి పెయింటరును పిలిచి, బండి వెనక తలుపు మీద అడుగెత్తు తమిళ అక్షరాలతో 'బ్రేక్: సుందరరాజన్' అని రాయించాడు. కొత్త బ్రేకు కదా అని మోహన్‌రాజ్ మళ్లీ నాలుగు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టబోతే, అవి తీసి పిండుకుని తాగు, కాస్త బుర్రైనా చల్లబడుతుంది అన్నాడు.

బండి ఎక్కేముందు ఒక జాగ్రత్త చెప్పాడు. కొత్త పైపుల్లో మిగిలిన గాలి పోయేదాకా రెండు మూడు రోజులు ఆయిలు కొంచెం దిగుతుంది, ఆయిలు డబ్బీ మీది గీత కిందికి పోతే పోసుకో అన్నాడు. మోహన్‌రాజ్ తల గోక్కున్నాడు. అంగట్లో బ్రేకు ఆయిలులో నంబర్లు ఉంటాయంటారే, ఏది పొయ్యాల బావా అని అడిగాడు. భోజనం క్యారియరు తెచ్చిన సంతానలక్ష్మి అక్కడే ఉంది. పక్క బండివాళ్లు ఇద్దరున్నారు. సుందరరాజన్ మొహం ఎర్రబడింది.

"ఆయిలుకి కులమా గోత్రమా రా? ఆయిలంటే ఆయిలుదా, అంతే. పిల్లనిచ్చేవాడి మాదిరి విచారిస్తుండాడు, చూడండి."

పక్క బండివాళ్లు పగలబడి నవ్వారు. మోహన్‌రాజ్ కూడా నవ్వి బండెక్కాడు.

మంగళవారం ఆయిలు దిగింది, మోహన్‌రాజ్ తనే పోసుకున్నాడు. శనివారం సంతానలక్ష్మికి కోతగిరిలో పిన్ని మనవరాలి చెవులు కుట్టించే వేడుక. బస్సెందుకు, నేను వేసిన బ్రేకు మీద పో, పల్లకీలో పోయినట్టుంటది అని సాగనంపింది సుందరరాజనే. పట్టుచీర కట్టుకుని ఆమె తమ్ముడి పక్కన కూర్చుని వెళ్లింది. తొమ్మిదిన్నరకు షెడ్డులో ఫోను మోగింది.

"బండి నిలిచింది" అన్నది సంతానలక్ష్మి.

"నిలుస్తది, నేను వేసిన బ్రేకు."

"నిలవకూడని తావులో నిలిచింది. మలుపులో. ఇంగ కదలదు. చక్రాలకాడ పొగొస్తాంది."

సుందరరాజన్ చేతిలోని స్పానరును పనిముట్ల సంచిలో వేసి, పసుపు డబ్బా కూడా అందులో పెట్టుకున్నాడు. పట్టిన బ్రేకు వదలకపోవడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఎక్కేటప్పుడు కాబట్టి నిలిచింది. ఇది లోడుతో దిగేటప్పుడైతే బ్రేకు రాసుకుని రాసుకుని కాలి, ఆయిలు మరిగి, రబ్బరు చీలి, పెడలు ఉత్తిదైపోయి ఉండేది. పక్కన పట్టుచీర. ఎదురొచ్చిన లారీ ఆపి ఎక్కాడు. తీరా చూస్తే తోలేది అయ్యప్పన్, పదిమందిలో తాను దున్నపోతని పిలిచిన అయ్యప్పన్. అతను మలుపు దగ్గర దింపి, వెనక తలుపు మీది పేరు తీరిగ్గా పైకి చదివి, మీ బండే కదా అని వెళ్లిపోయాడు.

మలుపుకు అడ్డంగా పికప్ నిలిచి ఉంది. కింద బస్సులు, పైన టూరిస్టు కార్లు వరుస కట్టాయి. పక్కనుంచి దూరి వెళ్లే ప్రతివాడూ ఆ అడుగెత్తు అక్షరాలు చదువుతూ వెళ్తున్నాడు. సుందరరాజన్ ముందు వెనక చక్రాలకు రాళ్లు వేశాడు. తర్వాత చక్రాల దగ్గర గాలి తీసే నట్టు వదులు చేస్తే ఆయిలు చిమ్మి, పట్టు విడిచింది. పైకొచ్చి మాస్టర్ సిలిండరు మీది ఆయిలు డబ్బీ మూత తీశాడు. మూతలోని రబ్బరు నూనెలో వేసిన వడియంలా పొంగి ఉంది. లోపల ఆయిలు నల్లగా ఉంది. వాసన చూశాడు.

"ఏం పోస్తివి రా ఇందులో?"

"ఇంజను ఆయిలు, బావా. కొత్త డబ్బాదే. ఉన్నదాంట్లో మంచిదే పోస్తి."

సుందరరాజన్ ఊపిరి ఎగబీల్చాడు. గాడిద, అడ్డగాడిద, వాటి పై మెట్లన్నీ నోట్లో సిద్ధంగా ఉన్నాయి. జనం కూడా ఉన్నారు. మొదలుపెట్టేలోగా సంతానలక్ష్మి అడ్డొచ్చింది. పొద్దున కట్టిన పట్టుచీరకు బ్రేకు మసి అంటుకుంది.

"ఆయిలుకి కులమా గోత్రమా అంటివే. వాడు అడిగినప్పుడే చెప్పుంటే?"

ఆమె ఆగలేదు. పనిముట్ల సంచిలోంచి పసుపు డబ్బా తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"ఇప్పుడైనా చెప్పు. దీనిమీద ఏమని రాసుండాదో చదివి చెప్పు వాడికి."

ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి ఆమె. ఇంటికొచ్చే ప్రతి కాగితం చదివేది ఆమే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, డబ్బా మీద ఇంగ్లీషు. మొదటిది ఆయనకు ఎవరూ రాయడం నేర్పలేదు, రెండోది బస్సు బోర్డుల వరకే, మూడోది ఆయనకు డబ్బా రంగు మాత్రమే. ఊరందరినీ మూర్ఖులని ముప్పై నాలుగేళ్లు అరిచింది ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగకుండా ఉండటానికి. అంతా మేకపోతు గాంభీర్యం. ఒకసారి అడిగి, ఆ తిట్లే తిని, మళ్లీ అడగని ఒక మంచి మనిషి ఇంజను ఆయిలు పోశాడు, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని కొండెక్కాడు.

సుందరరాజన్ డబ్బాను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కింద బస్సువాడు హారను కొడుతూనే ఉన్నాడు. సిగ్గు కంటే ముందు ఆయనకు ఏడుపొచ్చింది. భార్య చీరమీది మసి చూసి వచ్చింది.

"నాకు తెలీదు" అన్నాడు. "పసుపు డబ్బా, మూతమీద ఎర్ర గీత. అంతదా తెలుసు నాకు."

మోహన్‌రాజ్ ఈసారి నవ్వలేదు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడని బావ చేత లెక్కలేనన్నిసార్లు అనిపించుకున్న మోహన్‌రాజ్ దగ్గరికొచ్చి, డబ్బా తీసుకుని, నల్లబడ్డ వేలితో అక్షరాల కింద గీస్తూ చదివాడు.

"డి, ఓ, టి. పక్కన మూడు. డాట్ మూడు, బావా."

"మూడా?"

"మూడుదా."

అన్నేళ్లు తన చేత్తో పోసినదాని పేరు సుందరరాజన్ ఆ రోజు విన్నాడు. ఆ తర్వాత రోడ్డు మధ్యలోనే, హారన్ల మధ్యలోనే, ఇంజను ఆయిలు తగిలితే ఈ రబ్బరు ఎందుకు ఉబ్బుతుందో, ఉబ్బితే బ్రేకు వెనక్కి ఎందుకు రాదో బావమరిదికి మొదటి నుంచి చెప్పాడు. మోహన్‌రాజ్ రెండు ప్రశ్నలడిగాడు. రెంటికీ జవాబొచ్చింది. పికప్‌ను ఇంకో బండి మీద ఎక్కించి కిందికి దించారు. అడుగెత్తు పేరు ఊరంతా ఊరేగింది. పైపులన్నీ కడిగి, రబ్బర్లన్నీ మార్చడానికి మళ్లీ మూడు రోజులు పట్టింది.

మనిషి మారిపోయాడనుకుంటే మీరు సుందరరాజన్‌ను ఎరగరన్నమాట. లారీవాళ్లు ఇప్పటికీ దున్నలే. షెడ్డు గోడమీద మోహన్‌రాజ్ చేత సుద్దముక్కతో ఆ మూడక్షరాలూ, పక్కన అంకె రాయించుకున్నాడు. ఎవడైనా ఏ ఆయిలు పొయ్యాలని అడిగితే గోడ చూపించి, అంత పెద్దగా రాసుండాది కదా, చదవడం రాదా నీకు అని మండిపడతాడు. కొందరు చదివి వెళ్లిపోతారు. ఒక్కొక్కడు మాత్రం గోడవైపు చూసి, నేలవైపు చూసి, ఏమీ అనకుండా నిలబడతాడు. అప్పుడు సుందరరాజన్ చేతిలో పని కింద పెట్టి లేస్తాడు, పసుపు డబ్బా తెచ్చి వాడి చేతిలో పెట్టి, డాట్ మూడు అని మెల్లగా, వాడికొక్కడికే వినిపించేట్టు చెబుతాడు.