తెరవొద్దన్న సంచి

అది 2023. సిద్దిపేటలో ఒక కిరాయి ఇంటి పైఅంతస్తులో మా థెరపీ సెంటర్. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. అంటే ఆటిజం ఉన్నవాళ్లకు మాట, పని, నలుగురిలో మసలడం నేర్పేవాణ్ని. మా చుట్టాల లెక్కలో మాత్రం పిల్లలతో ఆడుకుంటే జీతమిచ్చే ఉద్యోగం.

దుబ్బాక నుంచి అజయ్ వచ్చేవాడు. ఇరవై దాటాయి. ఆటిజం జబ్బు కాదు. మనుషుల్ని, మాటల్ని, చప్పుళ్లను అతని మెదడు వేరే తీరుగా అందుకుంటుంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అబద్ధం ఆడడు. చెబితే వినడాన్ని మా భాషలో కంప్లయన్స్ అంటారు. అజయ్ రిపోర్టులో ఆ మాట మేం గర్వంగా రాసేవాళ్లం.

ఆ ఎండాకాలం అతని తల్లి లక్ష్మి, మగ్గం పని ఆపుకొని మరీ, లడ్డూల డబ్బాతో వచ్చింది.

"సారూ, మావోనికి దోస్తులైన్రు. ఫోన్ల రోజూ మాట్లాడుతరు."

నేనూ మొహమాటం లేకుండా తిన్నాను.

తర్వాత ఒక శనివారం అజయ్ అడిగాడు: "సార్, బస్సుల సంచికి టికెట్ ఎప్పుడు కొట్టాలె?"

"గంత బరువు ఏం మోస్తున్నవ్ తమ్మీ? పెండ్లి సామానా?"

"బరువు తెల్వది సార్. రేపు ఐతారం ఫోన్ల మాట్లాడే అన్న ఇస్తడు. అంగట్ల పెట్టి రావాలె. తెరవొద్దన్నడు."

నా దగ్గర ప్రతిదానికీ ఒక జోకు ఉంటుంది. ఆ క్షణాన స్టాకు అయిపోయింది.

ఫోన్ అడిగితే ఇచ్చాడు. మొదట గేమ్ ఆడుకునే గ్రూపే. తర్వాత వీడియోలు: ఒక వర్గం మనుషులను పురుగులనేవి, ఏరిపారేయాలనేవి. ఏ వర్గమో రాయను. రాస్తే మీరు కేసు వదిలేసి పక్షం ఎంచుకుంటారు. రోజూ పొద్దున్నే ఆ 'అన్న' అతనికి "గుడ్ మార్నింగ్ కమాండర్" అని పెట్టేవాడు. బడిలో ఎవరూ పక్కన కూర్చోని మనిషికి ఏకంగా పదవి. నాకు ఇన్నేళ్ల సర్వీసులో 'సీనియర్' అనే మాట కూడా రాలేదు.

ఫోన్ లాక్కుంటే బెదిరిపోయి నోరు విప్పడు. ఇంటికి పంపితే, అన్న అడిగినవన్నీ చెప్పేస్తాడు. అందుకే కాగితం తీశాను. కామిక్ స్ట్రిప్ కన్వర్జేషన్ అని మాకో పద్ధతి ఉంది: పుల్లల బొమ్మలు గీసి, పైకి చెప్పిన మాట ఒక బుడగలో, మనసులోది ఇంకో బుడగలో రాయడం.

అన్న బొమ్మ పక్కన మాట బుడగలో అజయ్ "నువ్వు నా తమ్మునివి" అని రాశాడు. రెండోది ఖాళీగా వదిలాడు.

"మనసుల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది సార్?"

"సరే. సంచి ఆయననే పెట్టొచ్చు గదా. నిన్నెందుకు పంపుతుండు?"

అజయ్ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఖాళీ బుడగలో మెల్లగా రాశాడు: "వీడు ఎందుకని అడగడు."

"అజయ్, ఇది నేను పోలీసులకు చెప్పాలె." ఇక్కడి మాట బయటికి పోదు, ప్రాణాలకు అపాయముంటే తప్ప అని మొదటిరోజే అందరికీ చెబుతాం.

"నన్ను జైల్ల పెడ్తరా?"

"తెల్వది. నేను పక్కననే కూసుంట."

పెట్టరు అనేస్తే సులువయ్యేది. కానీ అతనికి నేను ఒక్క అబద్ధం చెప్పినా ఆ గదిలో ఇక నాకు పని ఉండదు. అజయ్ చెవులు మూసుకుని తలుపు దగ్గర అటూ ఇటూ తిరగసాగాడు. నేను లక్ష్మికి, తర్వాత స్టేషన్‌కు ఫోన్ చేశాను.

యూనిఫాం లేకుండా ఒక్కరే రమ్మని బతిమాలాను. ఎస్సై మామూలు చొక్కాలోనే వచ్చాడు. మీసం మాత్రం డ్యూటీలోనే ఉంది. వస్తూనే ప్రశ్న మీద ప్రశ్న. అజయ్ గోడవైపు తిరిగాడు.

"కండ్లల్లకు చూస్తలేడు. ఏదో దాస్తుండు." ఎస్సై గొంతులో అప్పుడే కేసు తయారవుతోంది.

"వాళ్లమ్మ కండ్లల్లకు గూడ చూడడు సార్. ఒక్కటి అడిగి ఆగున్రి."

అప్పటికే చేరుకున్న లక్ష్మి మూలన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఎస్సై ఆమెను చూశాడు. గొంతు తగ్గించాడు.

"సంచి యాడ ఇస్తనన్నడు?"

జవాబు వచ్చేలోపే ఎస్సై మళ్లీ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాను. పోలీసు నోటికి చెయ్యి అడ్డం పెట్టడం నా జీవితంలో అదే మొదలు. అప్పుడు అజయ్ గోడకే చెప్పాడు: చోటు, వేళ, అంతకుముందు అన్నను కలిసినప్పుడు చూసిన బండి నంబరు.

ఆదివారం సంచి అంగడికి చేరలేదు. దాన్ని తెస్తున్న అన్నను దారిలోనే పట్టుకున్నారు. లోపల ఏముందో మాకు చెప్పలేదు. అజయ్‌ని సాక్షిగా రాసుకున్నారు. గండం గడిచిందని మేం ఛాయ్ తాగుతుంటే అతను మాత్రం ఏడ్చాడు.

"పొద్దుగాల నాకు గుడ్ మార్నింగ్ ఎవలు పెడ్తరు సార్?"

ఇప్పుడు నేను పెడుతున్నాను. ఆలస్యమైతే ఫిర్యాదు వస్తుంది.

ఆటిజం మనిషిని హింస వైపు నెట్టదు. అజయ్ ఒంటరితనం ఆ అన్నకు తలుపు తెరిచింది. మేం నేర్పిన విధేయత పట్టుకోవడానికి పిడి అయింది. అప్పటినుంచి ప్రతి ఒక్కరి ప్లాన్‌లో 'వద్దు' అనడం, 'ఎందుకు' అని అడగడం కూడా పాఠాలే.

మొన్న లక్ష్మి కోపంగా మెట్లెక్కి వచ్చింది.

"సారూ, మావోడు చెడిపోయిండు. టవళ్లు మడతపెట్టుమంటె ఎందుకంటుండు."

"అది చెడిపోవుడు కాదమ్మా. ఫీజు తీసుకొని మేమే నేర్పినం."

"మరి నన్నేం చేయుమంటరు?"

"ఎందుకో చెప్పున్రి."