నలభై పక్కన నేను పెట్టిన సున్నా

ఒక్క సున్నా. చూడబోతే కందిగింజంత ఉంటుంది. దాంతో నేను ఒక పూట జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఎంతమంది తల్లిదండ్రులను ఏడిపించానో, ఒక ప్రిన్సిపాల్‌ గారి చేత ఎన్ని చేతిరుమాళ్ళు తడిపించానో లెక్కలేదు. నా సొంత మేనకోడలి రెండేళ్ళ కష్టాన్ని గంటన్నరలో నేలపాలు చేయబోయాను. చదువుకున్నవాళ్ళు తప్పు చేస్తే దానికి ఏవో కారణాలు చెబుతారు. నేను చదివింది రెండో తరగతి. నా తప్పుకు నా ధైర్యమే కారణం. వినండి, నవ్వండి, తిట్టడం మాత్రం వద్దు. ఆ తిట్లన్నీ అప్పుడే తినేశాను.

పద్మ మా తమ్ముడు వెంకటరత్నం కూతురు. ఎంసీఏ చదివి, జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఆరు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టింది. మా ఊరికి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. మా ఆయన పోయాక నేను తమ్ముడింట్లోనే ఉంటున్నాను కదా, సెంటర్ ఊడ్చడం, కుండలో మంచినీళ్ళు నింపడం, కరెంటు పోతే జనరేటర్ వేయడం నా ఉద్యోగం. వెనక చిన్న గదిలో ఏడో పెట్టె ఒకటి ఉండేది. దాని పేరు సర్వర్. అది ఎవరితోనూ మాట్లాడదు, ఒకటే గుర్రు పెడుతుంటుంది. మా ఆయన గుర్తొచ్చేవాడు.

ఆ ఏడాది నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ వాళ్ళు దరఖాస్తులన్నీ కంప్యూటర్‌లోనే పంపాలన్నారు. ఒక్క రోజే, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఎవరు ఎక్కడ కూర్చుని పంపినా ఆ దరఖాస్తులు వచ్చి పడేది మా ఏడో పెట్టెలోనే. ఆ పని పద్మకు దొరికిందని నేను మురిసిపోతుంటే, మా తమ్ముడు ఆ రోజు పొద్దున్నే బాంబు పేల్చాడు.

"అక్కా, నువ్వు సాక్షివి. ఇవాళ ఇది సజావుగా జరిగిందా, సెంటర్ ఉంచుకోమను. జరగలేదా, సాయంత్రానికి షట్టర్ దించెయ్యాలి. మైలవరం స్కూల్లో టీచరు ఉద్యోగం ఉందని మా బావమరిది ఎప్పట్నుంచో చెప్తున్నాడు. పోయి చేరాలి."

"సరే నాన్నా," అంది పద్మ. ముఖం మాత్రం తెల్లకాగితంలా పాలిపోయింది.

కాలేజీ వాళ్ళు ఆమెను ఆ మూడు గంటలూ నందిగామలో ప్రిన్సిపాల్ పక్కనే కూర్చోమన్నారు. ఇక్కడ పెట్టె దగ్గర ఎవరుండాలి? నేనే. వెళ్ళేముందు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"అత్తా, పెళ్ళిలో బంతి తెలుసుగా?"

"నన్నా అడుగుతున్నావు?"

నన్ను అడగవలసిన ప్రశ్న కాదది. బొట్టు లేని దాన్ని కాబట్టి పెళ్ళి పందిట్లోకి నన్ను ఎవరూ ముందు పిలవరు. వంటశాలలోకి మాత్రం నేను రానిదే పొయ్యి ముట్టించరు. ఎన్ని పెళ్ళిళ్ళకు వడ్డన చేయించానో నాకే తెలియదు.

"ఇదీ అంతే. ఒక బంతికి నలభై మంది. వాళ్ళు తిని లేస్తే ఇంకో నలభై. వెనకాల వందమంది నిలబడొచ్చు. అంతకుమించి వస్తే కాసేపాగి రమ్మని తెర మీద ఒక కాగితం చూపిస్తుంది. ఇదిగో, ఇక్కడ రాసున్న నలభై ఉందే, ఇదే బంతి. నేను ఫోన్లో చెప్తే ఈ అంకె మార్చి, ఈ మీట నొక్కి, మళ్ళీ మొదలెట్టాలి. చెప్తేనే సుమా!"

"ఆ కాగితం మీద ఏం రాశావే?"

"నువ్వు చెప్పిందేగా! మొన్న అడిగితే, 'బంతి నిండింది, కాసేపాగి రండి' అన్నావు. బంతి అంటే ఆడుకునే బంతి అనుకుంటారని 'సీట్లు నిండాయి, కాసేపాగి రండి' అని మార్చా."

"భేషుగ్గా ఉంది," అన్నాను. మీరు ఇప్పటికే నుదురు కొట్టుకుని ఉంటారు. మా ఇద్దరిలో ఒక్కరికైనా ఆ బుద్ధి పుట్టలేదు.

పది గంటలకు మొదలైంది. అరగంట పాటు పెళ్ళివారి బండి సాగినట్టు సాగింది. మా తమ్ముడు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని పేపరు తిరగేస్తూ, తప్పెక్కడ దొరుకుతుందా అని చెవులు మాత్రం లోపలికి పెట్టాడు. పదిన్నర దాటాక మూడో కంప్యూటర్ దగ్గర గావుకేక వినబడింది. చిల్లకల్లు నుంచి కూతురు మంగను తీసుకొచ్చిన కోటయ్య అనే రైతు.

"నాన్నా, సీట్లు నిండాయంట!"

"నిండటమేందే? ఒంటిగంట దాకా టైముందన్నారుగా!"

"ఇక్కడ రాసుంది చూడు."

కోటయ్య చదవలేడు. చదవలేనివాడికి కూతురి ముఖమే కాగితం. ఆ ముఖం చూసి బల్ల మీద చేత్తో ఒక్క చరుపు చరిచాడు. "తెల్లారకముందే అమ్మేసుకున్నారు సీట్లు! ఇదంతా నాటకం!" అనడంతో మిగతా కంప్యూటర్ల దగ్గర కూడా జనం లేచారు. కంచికచర్ల నుంచి ఒకాయన, చందర్లపాడు నుంచి ఒకావిడ మా ల్యాండులైన్‌కు ఫోన్ చేసి అదే ఏడుపు. "అవి ఆ సీట్లు కాదయ్యా, మా సీట్లు" అని నేను చెప్పేకొద్దీ మంట పెరిగింది.

"మీ సీట్లేంటమ్మా? మీరు కూడా కొనుక్కున్నారా?" అని కోటయ్య నా మీదికొచ్చాడు.

మా తమ్ముడు పేపరు మడిచాడు. "నేను చెప్పలా?" అన్నట్టు నన్నొక చూపు చూశాడు. పద్మకు ఫోన్ చేస్తే ఎంగేజ్. గంటసేపు ఎన్నిసార్లు చేసినా అదే ఎంగేజ్. ఆ పిల్లకు అక్కడ ఎందరు చేస్తున్నారో!

ఇక నాలో ఉన్న వడ్డన పెద్ద నిద్ర లేచింది. పందిట్లోకి వచ్చినవాణ్ణి నిలబెట్టి, పో మళ్ళీ రా అనే పెళ్ళి ఎక్కడైనా ఉంటుందా? నిలబడ్డవాళ్ళందరినీ ఒకేసారి కూర్చోబెడితే కాగితం ఎవరికీ కనబడదు కదా! ఇంత చిన్న సంగతి ఎంసీఏ చదివిన పిల్లకు తట్టలేదే అని జాలిపడుతూ వెనక గదిలోకి వెళ్ళాను. నలభై దొరికింది. దాని పక్కన ఒక సున్నా పెట్టాను. మీట నొక్కాను. మళ్ళీ మొదలుపెట్టాను. నాలుగు వందల మందికి ఒకటే బంతి!

బయటికొచ్చి, "అందర్నీ కూర్చోబెట్టేశా, ఇక కానివ్వండి" అని ప్రకటించాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు ఎర్రబడతాయి.

రెండు నిమిషాలు బాగానే ఉంది. కాగితం పోయింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆరు కంప్యూటర్లలోనూ తెల్లటి తెర. వెనక గదిలో పెట్టె గుర్రు మానేసి కర్ర్... కర్ర్... అని పళ్ళు నూరడం మొదలుపెట్టింది. ముందు భాగాన మిణుకు మిణుకుమనే ఎర్రదీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది. నేను మౌస్ కదిపితే తెర మీద బాణం కదలలేదు. ఒక మీట నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు మోగింది ఫోన్.

"అత్తా, ఏం జరిగింది? ఇక్కడ ఒక్క పేజీ కూడా రావట్లేదు."

"నాకేం తెలుసే! నేనేం ముట్టుకోలా."

"ఇక్కణ్ణుంచి నేను లోపలికి వెళ్ళబోతే పెట్టె పలకట్లేదు. ప్రిన్సిపాల్ గారు పక్కనే ఉన్నారు. నిజం చెప్పు."

"ఎండకి వేడెక్కిందేమో."

"అత్తా!"

"ఒక్క సున్నా పెట్టా."

"ఎక్కడ?"

"నలభై పక్కన."

ఆ పిల్ల గొంతు తగ్గించి, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "అత్తా, పందిట్లో నాలుగు వందల విస్తళ్ళు వేశావు. వడ్డించే మనిషి ఒక్కడే. ఒకడికి ఉప్పు వేసి, ఇంకొకడికి పచ్చడి వేసి, మూడోవాడి దగ్గరికి నీళ్ళు పట్టుకుని పరిగెత్తుతున్నాడు. అన్నం ఎవరికీ రాలేదు. తిననివాడు ఎలా లేస్తాడు? ఎవరూ లేవట్లేదు. లేవకపోతే అందరూ మాడతారు."

అలా చెప్పేసరికి నాకు కళ్ళకు కట్టింది. వడ్డన పెద్దగా నా జన్మలో అంత పాడు పెళ్ళి చేయించలేదు. గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది.

"ఇప్పుడేం చెయ్యాలే?"

"పెట్టె ముందున్న బొత్తం అదిమిపట్టు. ఆగిపోయేదాకా వదలకు."

అదిమిపట్టాను. పెట్టె ఒక్క నిట్టూర్పు విడిచి ఆగింది. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర నుంచి మా తమ్ముడి మాట స్పష్టంగా వినబడింది. "అయిపోయినట్టేగా అక్కా? మైలవరానికి ఫోన్ చెయ్యనా?"

"ఇంకా గంటుందిరా, నోరు ముయ్యి!" అన్నాను. తమ్ముణ్ణి అంతమందిలో అలా అనడం అదే మొదలు.

మళ్ళీ వేశాను. ఈసారి బొమ్మల్లేవు, బాణం లేదు. నల్ల పలక మీద సుద్దముక్కతో రాసినట్టు తెల్లటి అక్షరాలు. హఠాత్తుగా ఆపేసినందుకు లోపలంతా సరిచూసుకుంటోందని, నూరు వచ్చేదాకా దాన్ని కదిలించవద్దని పద్మ చెప్పింది. మూడు. ఏడు. పదకొండు. ఎద్దు ఏటి ఒడ్డెక్కినట్టు ఎక్కుతోంది అంకె. బయట జనం షట్టర్ కొడుతున్నారు. కోటయ్య గదిలోకి తొంగిచూసి, "ఏమ్మా, నా పిల్ల సంగతేంటి?" అన్నాడు. ఇప్పుడు అరవలేదు. అరిస్తేనే నయమనిపించింది. పెళ్ళిలో ఆకలితో అరిచేవాడికి సమాధానం చెప్పగలను, చల్లబడినవాణ్ణి చూడలేను. "కూర్చో బాబూ, మంగ దరఖాస్తు పోకుండా నేను లేవను" అన్నాను. మాటైతే ఇచ్చాను, తెర మీద అరవై మూడు దగ్గర అంకె ఆగిపోయింది.

ఆగిన అంకెను చూస్తూ నేనూ పద్మా ఫోన్లో ఒకరి ఊపిరి ఒకరు విన్నాం. కదిలింది. నూరయ్యేసరికి పన్నెండున్నర.

"ఇప్పుడు ఆ అంకె దగ్గరికి వెళ్ళు. నాలుగు పక్కన రెండు సున్నాలుంటాయి. ఒకటి చెరిపెయ్. ఒకటే."

చెరిపే మీట మీద వేలు పెట్టాను, తీయడం మరిచిపోయాను. తీసి చూస్తే రెండు సున్నాలూ లేవు. ఆ సంగతి గమనించేలోపే రెండో చెయ్యి దాచే మీట నొక్కింది, మళ్ళీ మొదలుపెట్టే మీట కూడా నొక్కింది. పొద్దున నేర్చుకున్న పాఠం చేతులకు అంత బాగా వచ్చింది మరి!

"అయిందా? ఎంతుంది?"

"నాలుగు."

"నలభయ్యా?"

"కాదే. ఉత్త నాలుగు."

"అయ్యో అత్తా! నలుగురితో బంతేంటి!" అని ఆ పిల్ల ఏడుపు గొంతుతో అంటుండగానే, అవతల ప్రిన్సిపాల్ గారి గొంతు, "ఇదిగోనమ్మా, పేజీ వచ్చేసింది! దరఖాస్తు వెళ్ళిపోయింది కూడా!" అంది.

ఇటు మంగ, "నాన్నా, పోయింది! నెంబరు కూడా ఇచ్చింది!" అని ఎగిరింది. కోటయ్య కూతుర్ని వదిలేసి కంప్యూటర్‌కు దండం పెట్టాడు.

నేను మళ్ళీ మీట మీద చెయ్యి వేయబోయాను. ఫోన్లోంచి పద్మ అరిచింది. "ముట్టుకోకు! ఆ నాలుగు అలాగే ఉండనీ. వెనక నిలబడే చోటు నేను ఇక్కణ్ణుంచి పెంచుతా, ఆ పాడు సీట్ల మాట కూడా తీసేస్తా. నువ్వు కుర్చీలోంచి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు."

నిలబడ్డాను. నలుగురు కూర్చోవడం, గబగబా తినడం, లేవడం, ఇంకో నలుగురు. వడ్డించేవాడికి ఊపిరి ఆడింది. నలభై అన్నది పద్మ ఏదో పుస్తకంలో చూసి పెట్టిన అంకె అట, మా ముసలి పెట్టెకు అంత ఓపిక ఎప్పుడూ లేదట. ఒంటిగంటకు రెండు నిమిషాల ముందే లైను ఖాళీ అయింది.

మా తమ్ముడు జరిగిందంతా గుమ్మంలోంచే చూశాడు కదా, వాడికి కనబడింది ఒకటే: పెట్టె చచ్చిపోయింది, అక్క ఏవో మీటలు నొక్కింది, బతికింది. "మైలవరం వద్దులే. సెంటర్ ఉండనీ," అని గొణిగి, నాకు సోడా తెప్పించాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. సోడా చల్లగా ఉంది, మూసేశాను.

సాయంత్రం నాలుగింటికి కాలేజీ కారు ఆగింది. పద్మతో పాటు ప్రిన్సిపాల్ గారు దిగారు. నేరుగా నా దగ్గరికొచ్చి చేతులు జోడించారు.

"నేను పక్కనే ఉండి విన్నానండి. అంత గందరగోళంలో నలభైని నాలుగు చేయాలంటే ఎంత అనుభవం కావాలి! మేడమ్ ఎక్కడ పనిచేశారు?"

"పెళ్ళిళ్ళలోనండి," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు, అయినా గౌరవంగా తలూపారు. "వచ్చే ఏడు కూడా ఈ పని పద్మకేనండి. ఇంకొక్క మాట. మా కాలేజీలో కూడా ఒక సర్వర్ సతాయిస్తోంది. మేడమ్ గారు ఒక్కసారి వచ్చి చెయ్యి పెడితే..."

"వద్దండీ!" అని పద్మ పెట్టిన కేకకు బస్టాండులో విజయవాడ బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు.

అందుకని ఇదిగో, తూర్పు ముఖంగా నిలబడి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని చెబుతున్నాను. ఈ కట్టె కాలేదాకా ఒకరు రాసిన అంకె పక్కన నేను ఇంకో అంకె పెట్టను. గుర్రు పెట్టే పెట్టె దేన్నీ నిద్ర లేపను. పెళ్ళివాళ్ళు వచ్చి ఎంతమందిని కూర్చోబెట్టమంటావని అడిగినా, ముందు మా పద్మకు ఫోన్ చేసి కనుక్కుంటాను.