నెలనెలా జ్వరం

తుర్కపల్లిలోని ఒక మందుల కంపెనీలో నొప్పి మాత్రలను పరీక్షించడం నా ఉద్యోగం. మాత్ర ఎన్ని నిమిషాలకు కరిగిందో సెకండ్లతో సహా రాసి సంతకం పెడతాను. అదే మాత్ర నా కడుపులో కరిగి ఏమీ ఉద్ధరించడం లేదని మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ రాయలేదు.

రాసే వీలెక్కడ? మా సూపర్‌వైజర్ మహా మర్యాదస్తుడు. నెలసరి అన్న మాట వింటే ఆయన తట్టుకోలేరని మా సీనియర్ అక్కలు ఒక ఆనవాయితీ పెట్టారు. లీవు లెటర్‌లో జ్వరం అని రాయాలి. నేనూ రాశాను. ఏడాది పొడవునా క్యాలెండర్ చూసుకుని మరీ వచ్చింది నా జ్వరం.

ఒకరోజు పొద్దున కంపెనీ క్యాబ్ శామీర్‌పేట దాటకముందే సీట్లో ముడుచుకుపోయాను. డ్రైవర్ నన్ను నేరుగా కంపెనీ డాక్టర్ దగ్గర దించాడు. నేను నోరు తెరిచేలోగా ఆయన కంప్యూటర్లో నా లీవులన్నీ చూసి గంభీరంగా తల పంకించారు. మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షలు రాశారు. కడుపు పట్టుకునే రక్తం ఇచ్చాను. అన్నీ నార్మల్ అని అభినందించారు. నా అబద్ధాన్ని అంత శ్రద్ధగా పరీక్షించిన మనిషిని ఏమనగలను?

కానీ ఆ రోజు భయం వేసింది. నాకీ నొప్పి ఉందని చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. ఇక ఇదేమిటో ఎవరు వెతుకుతారు? అందుకే మాత్రకు చేసే మర్యాదే నాకూ చేసుకున్నాను. తేదీ, టైము, పదికి ఎంత నొప్పి, ఎన్ని వాంతులు, కింద సంతకం. మూడు నెలలు నోట్‌బుక్‌లో రాశాను.

ఆ తర్వాత మేడ్చల్‌లో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. తోడొచ్చిన అమ్మ బయట బెంచీ మీదే గుసగుసగా పాఠం చెప్పింది.

"ఉత్త కడుపునొప్పి అని చెప్పు, సాలు. పక్కన మొగోళ్లు కూసున్నరు."

డాక్టరమ్మ నా వంక చూడకుండానే, "పెళ్లయిందా?" అని అడిగింది. కాలేదన్నాను.

"అయితే అదే తగ్గిపోతుందిలే."

చీటీలో పెళ్లికొడుకును రాసిస్తుందేమో, రోజుకెన్నిసార్లో, తిండికి ముందో తర్వాతో అడగాలనుకున్నాను. అడగకుండా నోట్‌బుక్ ఆమె ముందు పెట్టాను. రెండో పేజీ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఇంత నొప్పితో డ్యూటీకి వెళ్తున్నావా?" అంది. మొదటిసారి నా మొహం చూసింది. వెంటనే స్కానింగ్‌కు పంపింది.

అండాశయం మీద గడ్డ ఉంది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బని, దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారని చెప్పి, మందులు రాసింది. ఆ పేరు పలకడానికి నాకు నోరు తిరగలేదు. కానీ నా నొప్పికి ఒక పేరుందని తెలిసి, అక్కడే ఏడ్చేశాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పింది.

"నాకు గూడ గిట్లనే ఉండె బిడ్డా."

"మరి ఎన్నడూ చెప్పలేదేందమ్మా?"

"నాట్లకు పోకుంట పండుకుంటే మీ నాయనమ్మ వచ్చి ఏమైందని అడిగేది," అంది అమ్మ, నోట్‌బుక్ మూస్తూ. "జరమొచ్చిందని చెప్పేదాన్ని."