మనం ఓడిపోయాం

నా చిన్నప్పుడు, పార్సిప్పనీలో మా పక్కింట్లో ఒక ఐరిష్ బామ్మ ఒంటరిగా ఉండేది. నాకప్పుడు పదేళ్ళు. ఆ రోజు శనివారమని నా డైరీలో ఉంది. మా నాన్న లాన్ కోస్తూ, సాయం చేసినట్టుంటుందని ఆవిడ పెరడు కూడా కోసేశారు, మూలనున్న చాపంత పచ్చికతో సహా.

బామ్మ బయటికొచ్చి చూసి, మెట్టు మీద కూలబడింది. అది పచ్చిక కాదు, బార్లీ.

అప్పుడు మా ఇంట్లో ఉన్న అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళింది. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. బామ్మ మాటలు నేనే తెలుగులో చెప్పాలి.

సుమారు రెండొందల ఏళ్ళ కిందట వాళ్ళ ఊరి రైతులు ఇంగ్లండు రాజు మీద తిరగబడ్డారట. చేతుల్లో బల్లేలు, ఆకలికి జేబుల్లో బార్లీ గింజలు. కొండ మీద ఫిరంగుల ముందు ఒక్క పూట నిలవలేకపోయారు. అందరినీ ఒకే గోతిలో పూడ్చారు. మరుసటేడు ఎవరూ విత్తకుండానే ఆ గోతి మీద బార్లీ మొలిచిందట, చనిపోయినవాళ్ళ జేబుల్లోంచి!

ఊరు విడిచేటప్పుడు వాళ్ళ నాయనమ్మ ఆ బార్లీ గుప్పెడు ఇచ్చింది. బామ్మ ఏటా వేసి, ఏటా విత్తనం తీసుకునేది. ఈసారి ఉన్నదంతా వేసేసింది. గింజలు పట్టే వెన్ను తీయకముందే కోత పడింది.

"వీ లాస్ట్," అంది చివర్న.

"మనం ఓడిపోయాం," అన్నాను.

"మనమేమిటే మొద్దూ! ఆ కొండ మీద నువ్వున్నావా, నేనున్నానా? ‘మేము’ అనాలి," అంది అమ్మమ్మ.

ఏమిటని బామ్మ అడిగింది. మా భాషలో ‘వీ’కి రెండు మాటలున్నాయనీ, ఒకటి వినేవాళ్ళని బయట నిలబెడుతుందనీ, ఒకటి కలుపుకుంటుందనీ చెప్పాను. ఆవిడ కోసిన బార్లీ పరక ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఆ కొండ మీద నేనూ లేనుగా. నువ్వు మొదట అన్నదే ఉండనీ."

అమ్మమ్మకి అది చెప్పాను. అమ్మమ్మ కుచ్చెళ్ళు దోపుకుని వంగి, కోసిన మొదళ్ళు తడిమి చూసింది.

"వేళ్ళు బతికే ఉన్నాయి. నీళ్ళు పెడితే పిలకలేస్తుంది. కోసింది మనం, పెట్టాల్సిందీ మనమే."

నాన్న రోజూ ఆఫీసు బూట్లతోనే నీళ్ళు పోసేవారు. వేసవి చివరికి పదకొండు వెన్నులొచ్చాయి. పదకొండోది బామ్మ నా చేతిలో పెట్టింది.

ఆ శనివారం పేజీలో ‘మేము’ అని రాసి, కొట్టేసి, ‘మనం’ అని దిద్దుకున్నాను. ఇప్పుడు ఏటా నా బాల్కనీ కుండీలో ఆ బార్లీ వేస్తాను. అపార్ట్‌మెంట్ పిల్లలు, "ఇదేం ప్లాంట్ ఆంటీ?" అని అడుగుతారు.

"అనగనగా ఒక కొండ మీద మనం ఓడిపోయాం," అని మొదలుపెడతాను.